అక్క పాడితే చెల్లి పలకాలి

“నాలుగింటికి సభ. ఈలోపు ఆవిడ నేరం ఒప్పుకుంటే పోలీసులు వెనక గుమ్మం నుంచి తీసుకెళ్తారు. ఒప్పుకోకపోతే ముందు గుమ్మం నుంచి. అంతే తేడా,” అన్నారు గురువుగారు నన్ను చూడగానే.

నాకు డిటెక్టివ్ పని నేర్పింది ఆయనే. వేలిముద్ర ఎలా ఎత్తాలో, అబద్ధం చెప్పేవాడి ముందు ఎంతసేపు నోరు మూసుకుని కూర్చోవాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడాయన ఈ అకాడమీకి బీమా చేసిన కంపెనీకి పనిచేస్తున్నారు. అంటే ఇవాళ బల్లకి అటువైపు ఆయన, ఇటువైపు నేను.

“అయినా నువ్వెందుకొచ్చావమ్మాయ్? పెళ్ళయి నెల తిరగలేదు. హాయిగా ఇంట్లో ఉండక!”

“అధ్యక్షులవారు ఫోన్ చేశారండీ. మా ఆయన బాక్సు కట్టిచ్చి మరీ పంపించారు.”

“వంట ఆయనదా?”

“ఆయనదే. ఉప్పు మాత్రం నన్నడిగి వేస్తారు.”

“పాపం,” అన్నారు గురువుగారు. ఎవరి మీద జాలిపడ్డారో చెప్పలేదు.

సంగతి ఇదీ. జాతీయ కళా విజ్ఞాన అకాడమీలో ఏటా వ్యవస్థాపక దినాన ఒక ఉక్కు శ్రుతిదండాన్ని మోగిస్తారు. స్కూల్లో సైన్సు మాస్టారు రబ్బరు ముక్కకేసి కొట్టి మన చెవి దగ్గర పెట్టేవారే, రెండు కొమ్ముల ట్యూనింగ్ ఫోర్కు, అదే. అధ్యక్షుడు దాన్ని చిన్న సుత్తితో తాకిస్తాడు. వాద్యబృందం ఆ నాదానికి శ్రుతి కలుపుకుంటుంది. కొత్త సంవత్సరం మొదలైనట్టు లెక్క. నూట యాభై ఏళ్ళుగా జరుగుతున్న పనే ఇవాళ ఉదయం పదింటికీ జరిగింది. అయితే ఈసారి ధ్వనిశాస్త్రం ప్రొఫెసర్ వేదిక మీద ఒక మీటరు పెట్టాడు. సెకనుకు నాలుగు వందల నలభై సార్లు కంపించవలసిన దండం, ఆ మీటరు లెక్కలో, దాదాపు ఒక కంపనం తక్కువ పలికింది.

“ఇది అసలుది కాదు. ఎవరో మార్చేశారు!” అని నిండు సభలో అరిచాడాయన.

దండం ఉండే గది తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆవిడ్ని అందరూ కొలతలమ్మ అంటారు. అకాడమీ కొలమానాలన్నిటికీ సంరక్షకురాలు. రెండు డాక్టరేట్లు ఉన్న మనిషి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నేను వెళ్ళేసరికి తన ఆఫీసు గదిలోనే ఖైదీలా కూర్చుని ఉంది. గుమ్మంలో కానిస్టేబుల్.

“అమ్మిందని అంటున్నారు నన్ను,” అంది. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది. “మా అక్కని నేను అమ్ముకున్నానట!”

“అక్కా?”

“దండాలు రెండమ్మా. కవలలు. ఒకే ఉక్కు కడ్డీ నుంచి ఒకే చేత్తో చేసినవి. అక్క, చెల్లి అంటాం. సభలో మోగేది అక్క. చెల్లి బయటికి రాదు.”

“ఏది ఏదో గుర్తులుంటాయా?”

“ఉండవు. పెట్టనివ్వలేదు.” ఆ మాటతో ఆవిడ కాస్త తేరుకుంది. ఇష్టమైన కథ చెప్పేటప్పుడు మనుషులు ఎంత బాగుంటారో! “ఆ రోజుల్లో ఊరికో శ్రుతి ఉండేది. ఈ ఊళ్ళో పాడిన గాయకుడు పక్క ఊరెళ్తే గొంతు చించుకోవాల్సిందే. ఒక సంగీత విద్వాంసుడు, ఒక గణితవేత్త దీని గురించే పత్రికల్లో మూడేళ్ళు తిట్టుకున్నారు. చివరికి ఎవరో పెద్దమనిషి ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, తేల్చుకునేదాకా లేవొద్దన్నాడు. ఆ బల్లే అకాడమీ. తర్వాత చిత్రకారులొచ్చారు, ఖగోళం వాళ్ళొచ్చారు, వైద్యులొచ్చారు. ప్రభుత్వానికి వంతెన గురించి సందేహమొచ్చినా ఇక్కడికే, పాఠ్యపుస్తకం గురించి సందేహమొచ్చినా ఇక్కడికే. దేశంలో పోట్లాడుకునే పండితులందరికీ కలిపి ఒకటే బల్ల.”

“మరి గుర్తులెందుకు పెట్టలేదు?”

“పెడితే ఒకటి సంగీతం వాళ్ళదనీ, ఇంకొకటి లెక్కల వాళ్ళదనీ పంచుకుంటారని. అందుకే ఏటా సభ అయిపోగానే రెండూ అరలు మారతాయి. ఈ ఏడు ఎడమవైపున్నది వచ్చే ఏడు కుడివైపుకి. ఇలా మారతాయనీ, ఏ అరలో ఎవరున్నారో సంరక్షకులకీ అధ్యక్షుడికీ తప్ప తెలీదు. కాగితం మీద ఉండదు. నోటితో చెప్పుకోవడమే.”

“ఈ ఏడు అక్క ఎటువైపు?”

ఆవిడ గుమ్మంలో కానిస్టేబుల్ని చూసి, నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. “కుడి.”

“ఇవాళ ఎవరు తీశారు?”

“నేనే, ఒక్కదాన్నే. తొడుగులు వేసుకుని తీసి, ముఖమల్ గుడ్డలో చుట్టి, మా పిల్లనగ్రోవి తాతగారి చేతికిచ్చాను. సైన్సు వాళ్ళు బయటికి తీయాలి, కళల వాళ్ళు వేదిక మీదికి మోయాలి. అదీ వరస.” ఆవిడ నా చేయి పట్టుకుంది. “నా ఉద్యోగం పోతే పోనీ. నాలుగింటికి సభలో మంత్రిత్వశాఖ కాగితం చదువుతారు. కళలకి వేరే అకాడమీ, సైన్సుకి వేరే అకాడమీ. అక్క నకిలీదని తేలితే ఆ కాగితానికి అడ్డుపడే నోరుండదు. పంపకాలైపోతాయి.”

ఆవిడ అరచేయి మంచుముక్కలా ఉంది. నాకు పొద్దున్నే మా ఆయన నా కళ్ళజోడు తన అరచేతుల మధ్య దాచి, వెచ్చబడ్డాక నా ముక్కు మీద పెట్టడం గుర్తొచ్చింది. చలికాలం ఇంత బాగుంటుందని పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు నాకు. గుర్తురాకూడని చోట గుర్తొచ్చి నవ్వొచ్చింది. దగ్గుతో కప్పిపుచ్చుకున్నాను.

ధ్వనిశాస్త్రం ప్రొఫెసర్ తన గదిలో నిలబడే మాట్లాడాడు. కూర్చోమనలేదు.

“నేనేం చెప్పేది? మీటరే చెప్పింది. యంత్రానికి అభిమానాలుండవు.”

“నూట యాభై ఏళ్ళలో ఎవరూ మీటరు పెట్టలేదటగా? ఈ ఏడే ఎందుకు పెట్టారు?”

“ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టాలిగా! నమ్మకాల మీద ఎన్నాళ్ళు నడుపుతాం అకాడమీని? ఎడమ అరలో ఉన్నదే అసలుదని ఆవిడ అనగానే మనం తలూపాలా?”

“రేపు సైన్సుకి వేరే అకాడమీ వస్తే దానికి అధ్యక్షులు ఎవరవుతారు?”

“అది సభ్యులు తేలుస్తారు.” టై సవరించుకున్నాడు. “మీరు పెళ్ళికూతురు కళతో వచ్చారు. మీకివన్నీ సరదాగా ఉండొచ్చు. మాకిది దేశం కొలత.”

పెళ్ళికూతురు కళ అన్నందుకు థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. మిగతా మాటలు మడిచి దాచుకున్నాను.

వేదిక వెనకనున్న చిన్న గదే నేను చూడాలనుకున్న చోటు. దండం తనుండే చల్లగది దాటాక, వేదిక ఎక్కేముందు ఆగింది అక్కడొక్కచోటే. తొమ్మిదిన్నరకి కొలతలమ్మ అందించింది. పదింటికి అధ్యక్షులవారు మోగించారు. మధ్యలో అరగంట. గదిలో ఒక కుర్చీ, ఒక అద్దం, చిలక్కొయ్యకి మడతపెట్టి వేసిన ముఖమల్ గుడ్డ. కిటికీ లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. గడియ మీద దుమ్ము చెదరలేదు. రెండో తలుపు లేదు. ఇక్కడ మార్చాలంటే, మార్చగలిగినవాడు ఆ కుర్చీలో కూర్చున్న మనిషొక్కడే.

ముఖమల్ గుడ్డ తీసి వాసన చూశాను. కళ్ళు చెమర్చేంత ఘాటు. నొప్పుల మందు.

పిల్లనగ్రోవి తాతగారు మెట్ల మీద ఎండలో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. పక్కన కూర్చోగానే అదే ఘాటు.

“ఛాతీ మీద రాసుకుంటారా తాతగారూ?”

“చలికి పట్టేస్తుందమ్మా. ఊపిరాడకపోతే వేణువాడదుగా!” అని, ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూశారు. “గుడ్డకి అంటుకుందా?”

“అంటుకుంది.”

ఆయన తల దించుకున్నారు. “తొడుగులు లేకుండా ముట్టుకోకూడదని నియమం. తప్పే. ఎవరికీ చెప్పకమ్మా, మా ఆవిడకి తెలిస్తే అసలు చెప్పకు. ఆ గుడ్డలో చూస్తే చల్లగా వణుకుతున్నట్టుందమ్మా ఆ పిల్ల. కోటు గుండీలు విప్పి, గుండెలకానించి కూర్చున్నా.”

“ఎంతసేపు?”

“వేదిక మీదికి పిలిచేదాకా. వాయించబోయే ముందు వాద్యాన్ని వెచ్చబెట్టాలిగా? అరవై ఏళ్ళుగా ఏ కచేరీకీ నా వేణువుని చల్లగా పట్టుకెళ్ళలేదు. చల్లటి వేణువు శ్రుతి కిందకి దిగిపోతుంది. వెచ్చబెడితే పైకొస్తుంది.”

నాకు ఆయన్ని పట్టుకుని గిరగిరా తిప్పాలనిపించింది. ఎనభై దాటారు కాబట్టి ఊరుకున్నాను.

“తాతగారూ, అది వేణువు. లోపల ఆడేది గాలి. వెచ్చబడితే పైకే పోతుంది. ఇది ఉక్కు. వెచ్చబడితే కొమ్ములు మెత్తబడి నెమ్మదిగా ఊగుతాయి. శ్రుతి కిందకి దిగుతుంది.”

“అయితే... కొలతలమ్మని జైలుకి పంపేది నేనా?”

“పంపనివ్వనుగా! రండి.”

గురువుగారు అధ్యక్షులవారి గదిలో టీ తాగుతున్నారు. నా మాటలు చివరిదాకా విని కప్పు పక్కన పెట్టారు.

“కథ బాగుందమ్మాయ్. ఒక్క తప్పుంది. ఉదయం పదింటికి వెచ్చగా ఉంటే ఉండొచ్చు. నేను పదకొండున్నరకి కొలిపించా, పన్నెండున్నరకి కొలిపించా, ఒంటిగంటకీ కొలిపించా. మూడుసార్లూ తక్కువే. మూడు గంటలు వెచ్చగా ఉంటుందా ఇనుపముక్క?”

నాకు గాలి తీసేసినట్టయింది. నిజమే. గదిలో పెడితే పావుగంటలో గది చలికి వచ్చేయాలి. అధ్యక్షులవారు నా వైపు ఆశగా చూస్తున్నారు. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

“ఇప్పుడెక్కడుంది అది?”

“ఎక్కడుంటుంది? సాక్ష్యం. ప్రాణం పోయినా పక్కన పెట్టకూడదని నీకు నేర్పింది నేనే కదా!” అంటూ గురువుగారు కోటు లోపలి జేబులోంచి సీలు వేసిన సంచి బయటికి లాగారు.

నేను సంచి మీదుగానే ముట్టుకున్నాను. అప్పుడే పెట్టిన కోడిగుడ్డులా ఉంది.

“గురువుగారూ,” అన్నాను, నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు, “పొద్దున్నుంచీ పొదుగుతున్నారా? ఇంకో పూట ఆగితే పిల్ల బయటికొచ్చేదేమో!”

అధ్యక్షులవారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గురువుగారి మొహం ఎర్రబడింది.

“పెళ్ళయ్యాక నీకు నోరు బాగా లేచింది.”

“అంతకు ముందూ ఉందండీ. మీరు జీతమిచ్చేవారు కాబట్టి మూసుకున్నా.”

“సీలు విప్పను. నా చేతిలోంచి ఇవ్వను.”

“ఇవ్వొద్దు. సంచితో సహా చల్లగదిలో బల్ల మీద పెట్టండి. మీరే పక్కన కూర్చోండి. ముప్పావుగంట తర్వాత మీరే విప్పండి, ఆయన మీటరుతోనే కొలవండి. అప్పటికీ తక్కువొస్తే కొలతలమ్మగారిని ముందు గుమ్మం నుంచే తీసుకెళ్ళండి. తలుపు నేను తీస్తా.”

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆయన నేర్పిన మౌనమే. నేనూ అదే మౌనంతో చూశాను. చివరికి ఆయనే లేచారు.

చల్లగది అంటే నిజంగానే చల్లగది. ఏడాది పొడవునా ఒకటే వేడిమి ఉండేలా గోడలో యంత్రం. కిందటి నెల అది మొరాయిస్తే ప్రొఫెసరే మనుషుల్ని పెట్టి రెండు రోజులు బాగుచేయించాడట. ఎదురు గోడకి పెద్ద చెక్కపెట్టె, అందులో రెండు అరలు, ఒక్కో అరలో చిన్న చెక్కడబ్బా. దండాన్ని ఆ డబ్బా మీద బిగిస్తేనే నాదం గదంతా వినిపిస్తుంది. ఎడమ డబ్బా మీద ఒక దండం నిలబడి ఉంది. కుడి డబ్బా ఖాళీ.

గురువుగారు కోటు కాలరు పైకెత్తుకుని, సంచికి జానెడు దూరంలో కూర్చుని వణికారు. నేను గుమ్మంలో నిలబడి బాక్సు విప్పుకున్నాను. అన్నం మధ్యలో చిన్న కాగితం: ‘ఉప్పు అడగడం మర్చిపోయా.’ నిజంగానే మర్చిపోయారు. అయినా అంత రుచైన చప్పటి కూర నా జన్మలో తినలేదు.

మూడున్నర దాటాక అందరూ వచ్చారు. అధ్యక్షులవారు, తాతగారు, కానిస్టేబుల్ వెంట కొలతలమ్మ, చివర మీటరు పట్టుకుని ప్రొఫెసర్. లోపలికి రెండడుగులు వేసి ఆయన పెట్టె వైపు చూశాడు. అక్కడే ఆగిపోయాడు. వెనక తలుపు ఆయన భుజానికి తగిలింది.

“ఏమైందండీ?”

“ఏం లేదు. చలి.” మీటరు బల్ల మీద పెట్టాడు. “చల్లబెట్టినంత మాత్రాన నకిలీ అసలైపోతుందా? ఇదంతా కాలయాపన.”

“వేడికి ఉక్కు శ్రుతి తగ్గుతుందని నాకన్నా మీకే బాగా తెలియాలి కదండీ! పొద్దున ఆ అనుమానం రాలేదా?”

“దాన్నెవరో కౌగిలించుకుని కూర్చుంటారని నాకెలా తెలుస్తుంది?”

తాతగారు గోడ వైపు తిరిగిపోయారు. గురువుగారు చలికి మొద్దుబారిన వేళ్ళతో సీలు విప్పి, తొడుగులు వేసుకుని, దండాన్ని కుడి డబ్బా మీద బిగించారు. సుత్తి అధ్యక్షులవారు అందుకున్నారు.

తాకించారు.

ఆ నాదం గదిలో దీపంలా వెలిగింది. మీటరులో అంకెలు పైకీ కిందకీ తడబడి, నిలబడ్డాయి. నాలుగు వందల నలభై. పక్కన సున్నా. దాని పక్కనా సున్నా.

కొలతలమ్మ గోడకానుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. తాతగారు వెళ్ళి ఆవిడ నెత్తి మీద చేయి వేసి, “నా బుద్ధి గడ్డి తిందే తల్లీ,” అంటున్నారు. ఆవిడ “మీరు వెచ్చబెట్టకపోతే ఎవరు పెడతారు తాతగారూ,” అంటోంది. అధ్యక్షులవారు కానిస్టేబుల్‌తో కరచాలనం చేశారు, ఎందుకో ఆయనకే తెలియాలి. అసలు దండం అసలు చోటే ఉంది, ఎవరూ దొంగ కాదు, అకాడమీ ముక్కలు కాదు. నాకు వెంటనే ఇంటికి ఫోన్ చేయాలనిపించింది.

“బీమా డబ్బు మిగిలింది,” అన్నారు గురువుగారు ముక్కు తుడుచుకుంటూ. ఆయన మాటల్లో అది నాకు పెద్ద మెడల్. “ఉదయం నేనూ కాస్త... సరేలే. బాగానే నేర్పాను నీకు.”

“సభకి టైమైంది, పదండి,” అన్నాడు ప్రొఫెసర్. మీటరు అప్పుడే సంచిలో సర్దేశాడు.

“ఉండవయ్యా, రెండు నిమిషాలు,” అన్నారు తాతగారు, ఒక్కసారిగా చిన్నపిల్లాడైపోయి. “ఇంత గండం గడిచింది. చెల్లిని కూడా పలికించి వెళ్దాం. ఈ అమ్మాయి ఎప్పుడూ విని ఉండదు.”

“ఇప్పుడెందుకండీ అవన్నీ? ఆలస్యమవుతుంది.”

“చెల్లి ఎలా పలుకుతుంది?” అని అడిగాను.

కొలతలమ్మ కళ్ళు తుడుచుకుంటూ లేచింది. “చెల్లిని ఎవరూ కొట్టరమ్మా. అక్కని మోగించి, పట్టుకుని ఆపేస్తాం. అప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే చెల్లి అందుకుంటుంది. రెండిటి శ్రుతీ ఒకటే కదా, అక్క పాట గాలిలో వెళ్ళి చెల్లిని కదిలిస్తుంది. అనునాదం. ఒక్క వెంట్రుకవాసి తేడా ఉన్నా పలకదు. చిన్న గొంతు, దగ్గరగా వినాలి.”

రెండు డబ్బాలూ బల్ల మీద ఎదురెదురుగా పెట్టింది. తొడుగులు వేసుకుంది. అధ్యక్షులవారు సుత్తి తాకించారు. అక్క పాడింది, పొద్దున్నుంచీ పడ్డ నిందలన్నీ కడిగేసుకుంటున్నట్టు నిండుగా. కొలతలమ్మ ఐదు లెక్కపెట్టి, రెండు వేళ్ళతో కొమ్ములు పట్టుకుంది. నాదం ఆగిపోయింది.

మేమంతా చెల్లి వైపు వంగాం. తాతగారు చెవికి చేయి అడ్డం పెట్టుకున్నారు. గురువుగారు చలి మర్చిపోయారు. కానిస్టేబుల్ కూడా టోపీ తీసి వంగాడు.

ఏమీ లేదు.

యంత్రం గురగుర తప్ప ఏమీ లేదు. కొలతలమ్మ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయిన దండలాగా. “మళ్ళీ,” అంది మెల్లగా. మళ్ళీ తాకించారు. మళ్ళీ ఆపింది. మళ్ళీ వంగాం.

ఎడమ డబ్బా మీద నిలబడ్డ ఆ ఉక్కుముక్క చెల్లెలు కాదు.

మడిచి దాచుకున్న మాట అప్పుడు దానంతటదే విప్పుకుంది. ‘ఎడమ అరలో ఉన్నదే అసలుది.’ కిందటేడు అక్క ఎడమవైపే ఉంది. సభ తర్వాత అరలు మారతాయని తెలియని మనిషి, యంత్రం బాగుచేయించిన ఆ రెండు రోజుల్లో, అక్క అనుకుని ఎడమ అరలోంచి చెల్లిని తీసి, అక్కడొక తప్పు దండం నిలబెట్టాడు. సభలో అదే మోగుతుందనుకున్నాడు. అందుకే మీటరు తెచ్చాడు. తాతగారి ప్రేమ పుణ్యమా అని అసలు దండమే తప్పు పలికితే, తన పథకమే పారిందని మురిసిపోయాడు.

నేను వంగినదాన్ని వంగినట్టే, తల మాత్రం తిప్పి చూశాను.

గదిలో అందరం నడుములు వంచి చెవులు ఒగ్గి ఉన్నాం. ధ్వనిశాస్త్రం ప్రొఫెసర్ ఒక్కడే నిటారుగా నిలబడి ఉన్నాడు, చేయి తలుపు గడియ మీద. అక్కడ వినడానికి ఏమీ ఉండదని ఆయనకి ముందే తెలుసు.